ముహూర్తానికి ఏది పూర్తి కావాలి, ఏది ఆగొచ్చు?

కడప నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, కాలనీ వేయొద్దన్నారు కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమె ప్రభుత్వ బడిలో టీచరు. భర్త ప్రైవేటు ఉద్యోగి. ఇద్దరు పిల్లలు. మామగారు సర్వీసులో ఉండగా ఊరి చివర కొన్న నాలుగు సెంట్ల స్థలంలో ఇప్పుడు ఇల్లు కట్టుకున్నారు. స్థలం ఇప్పటికీ మామగారి పేరు మీదే ఉంది. భార్యాభర్తలిద్దరూ కలిసి 20 ఏళ్లకు 28 లక్షల లోన్ తీసుకున్నారు, మామగారూ అందులో సంతకం పెట్టారు. నెలకు 24 వేల పైచిలుకు కంతు, అద్దె ఇంటికి మరో 9 వేలు. బెంగళూరులో ఉండే మరిది 4 లక్షలు ఇచ్చాడు. స్లాబు, ప్లాస్టింగు అయిపోయాయి, ద్వారబంధాలు నిలబెట్టారు. చేతిలో 7 లక్షలు మిగిలాయి. అందులో నేల, బాత్‌రూములకు 3 లక్షలు కావాలని మేస్త్రీ లెక్క చెప్పాడు. శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నారు, రెండు నెలలు కూడా లేదు.

ఇంతలో ఒక ఇంటీరియర్ కంపెనీ 11.80 లక్షల కొటేషన్ ఇచ్చింది. మాడ్యులర్ కిచెన్ 3.40, మూడు గదుల వార్డ్‌రోబులు 3.95, ఫాల్స్ సీలింగు 1.60, పెయింటింగు 1.40, టీవీ యూనిట్ 85 వేలు, పూజా మందిరం 60 వేలు. ఈ ఆదివారం లోపల సగం అడ్వాన్సు కడితే డిస్కౌంట్ అంటున్నారు. తక్కువ పడే డబ్బుకు భర్త 5 లక్షల పర్సనల్ లోన్ మాట్లాడుకున్నాడు. మిగతా 3 లక్షలకు ఆమె బంగారం కుదువ పెడదామంటున్నాడు. మరిది తన గదికి ఏసీ, వార్డ్‌రోబ్ తప్పకుండా ఉండాలన్నాడు. అత్తమ్మ మాత్రం "ఈ చెక్క డబ్బాలు నాలుగేండ్లకు చెదలు తింటాయి, కడప బండ అరలు పెట్టించండి, నేలకు బేతంచెర్ల బండలు పరిపించండి" అని పట్టుబట్టింది. వంట గట్టు 34 అంగుళాల ఎత్తు అని తెలిసిన రోజు "దాని మీద నేను సంగటి ఎట్లా కెలకాల?" అని అడిగి, ఆ రోజు నుంచి కొత్తింటి వైపు రావడం మానేసింది. మామగారికి మోకాళ్ల నొప్పులు, ఆయన ఏమీ మాట్లాడటం లేదు.

"అప్పు వద్దంటే మొగుడికి కోపం, బండలు వద్దంటే అత్తకు కోపం. ఎవరి పక్షాన నిలబడినా నేనే చెడ్డదాన్ని. బంగారం ఇవ్వనంటే ఇల్లు ఆపింది నేనే అంటారు. నాకైతే నోటుబుక్కులు దిద్దుకోవడానికి కిటికీ పక్కన ఒక బల్ల ఉంటే చాలు, ఆ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. ఏం చేయమంటారు?" అని ముగించారు.

అమ్మా, ఎవరి పక్షాన ఉండాలని అడిగారు. మీ ఇంట్లో నలుగురు నాలుగు వేర్వేరు సంగతులు మాట్లాడుతున్నారు, అవన్నీ వచ్చి ఒకే కొటేషన్ కాగితం మీద పడ్డాయి. మీ అత్తమ్మ మాట్లాడేది రోజూ చేసే పని గురించి. మీవారు మాట్లాడేది గృహప్రవేశానికి వచ్చే నలుగురి గురించి. మీ మరిది అడిగేది ఆ ఇంట్లో తనకూ ఒక చోటుందా లేదా అని. మీకున్నది అప్పు భయం. వీటిలో ఏ ఒక్కటీ తప్పు కాదు. నాలుగింటికీ ఒకే కంపెనీ చేత, ఒకే నెలలో, అప్పు చేసి జవాబు చెప్పించాలనుకోవడం దగ్గరే చిక్కు పడింది. పక్షాల సంగతి పక్కన పెట్టి, ముందు ఇంటి పనిని రెండుగా విడదీసి చూడండి.

గోడలో, నేలలో కలిసిపోయే పని ఒకటి. గోడకు తగిలించే పని ఇంకొకటి. మొదటిది ఇప్పుడు చేయకపోతే మళ్లీ గోడ పగలగొట్టాలి. రెండోది వచ్చే ఏడాది చేసినా ఇంటికి ఏ నష్టమూ లేదు. మీకొచ్చిన కొటేషన్‌లో రంగులు తప్పిస్తే 11.80 లక్షల్లో దాదాపు అంతా రెండో రకం పనే. అత్తమ్మ బండల మాట తప్పిస్తే, మొదటి రకం గురించి మీ ఉత్తరంలో ఎవరూ ఒక్క మాట అన్నట్టు లేదు. నన్నడిగితే మీరు టెన్షన్ పడాల్సింది దాని గురించి.

కరెంటు సంగతి చూడండి. వంటింట్లో ఫ్రిజ్, మిక్సీ, గ్రైండర్, నీళ్ల ఫిల్టరు, రేపు కొనబోయే ఇండక్షన్ స్టవ్వు, పొగ లాగే ఫ్యాను, ఇన్నిటికీ పాయింట్లు ఎక్కడున్నాయో ఒక్కొక్కటే వేలితో చూపించమని ఎలక్ట్రీషియన్‌ను అడగండి. చాలా ఇళ్లలో గట్టు మీద రెండే ప్లగ్గులు ఉంటాయి, మిగతాదంతా ఎక్స్‌టెన్షన్ బాక్సులతో నడుస్తుంది. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకీ గీజర్‌కూ 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేయడం మామూలు పద్ధతి. మీ ఇంట్లో ఏది వేశారో వైరు మీద అచ్చయి ఉంటుంది, చదివి చూడండి. మెయిన్ బోర్డులో షాక్ కొడితే వెంటనే కరెంటు ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందా, ఎర్తింగు సరిగా ఇచ్చారా అని అడగండి. పిల్లలు తిరిగే ఇల్లు, ఇక్కడ మొహమాటం వద్దు. మరిది గదికి ఏసీ ఇప్పుడే కొననక్కర్లేదు. వైరు, నీళ్లు బయటికి పోయే పైపు, గోడకు రంధ్రం మాత్రం ఇప్పుడే పెట్టించండి. ఫాల్స్ సీలింగు విషయంలోనూ అంతే. హాల్లో పైమూల దాకా ఒక ఖాళీ పైపు లాగించి వదిలేస్తే, ఎప్పుడు చేయించుకున్నా లైట్లకు వైరు అందుతుంది. కొత్త పైపుల కోసం గోడలో కొట్టిన గాడి పూడ్చే ముందు ఆ గోడకు టేపు ఆనించి ఫోటోలు తీసి దాచుకోండి. రేపు కర్టెన్ రాడ్డుకో, దేవుడి పటానికో మేకు కొట్టేటప్పుడు లోపల పైపు ఎక్కడుందో తెలుస్తుంది.

బాత్‌రూములు తర్వాతి మాట. టైల్స్ వేయకముందే నేలకు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నీళ్లు కట్టి ఒకటి రెండు రోజులు వదిలేసి చూడమనండి. పక్క గోడ అడుగున చెమ్మ వస్తే అప్పుడే తెలిసిపోతుంది. మామగారు మాట్లాడటం లేదన్నారు కదా, ఆయన బదులు మీరు మాట్లాడాల్సింది ఇక్కడే. ఆయన వాడే బాత్‌రూమ్‌లో వెస్టర్న్ కమోడ్, పక్క గోడకు పట్టుకుని లేవడానికి స్టీలు కడ్డీ, కాలు జారని గరుకు టైల్స్, గుమ్మం దగ్గర ఎత్తు లేకుండా లోపలి వైపు వాలు. వీటికయ్యేది టీవీ యూనిట్ ఖర్చులో చిన్న వంతు. మోకాళ్ల నొప్పులున్న మనిషికి రోజూ పనికొచ్చేవి ఇవే.

నేల సంగతి. మీవారు మెరిసే పెద్ద టైల్స్ అంటున్నారో, అత్తమ్మ మాట ఒప్పుకున్నారో మీరు రాయలేదు. బేతంచెర్ల బండ మన పక్క సరుకే. బండపరుపు తెలిసిన మేస్త్రీ పరిచి పాలిష్ పట్టిస్తే చాలా ఏళ్లు నిలుస్తుంది, ఎండాకాలం కాలికి చల్లగా ఉంటుంది. రవాణా దూరం తక్కువ కాబట్టి ఖర్చూ కలిసొస్తుంది. ఇబ్బంది ఒకటే. ఇది సున్నపురాయి జాతి, పులుపు పడితే మచ్చ కడుతుంది. బాత్‌రూమ్‌లు కడిగే యాసిడ్ దీని మీద పోస్తే పాలిష్ తినేస్తుంది. గదులకూ హాలుకూ బండ, బాత్‌రూమ్‌లకు గరుకు టైల్స్ అనుకుంటే ఆ ఇబ్బందీ ఉండదు. టైల్సే కావాలంటే అదీ తప్పేం కాదు, పని తొందరగా అవుతుంది, పాలిష్ మిషన్ దుమ్ము, బురద ఉండవు. ముదురు రంగు మాత్రం వద్దు. బోరు నీళ్లతో తుడిస్తే ఉప్పు చారలు తెల్లగా తేలి కనిపిస్తాయి.

ఇప్పుడు వంటిల్లు. గొడవ ముదిరింది ఇక్కడే కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను.

అత్తమ్మ మాటను చాదస్తం అనుకోవద్దు. సంగటి కెలికేటప్పుడు గిన్నెను కదలకుండా పట్టించి, తెడ్డు రెండు చేతులతో పట్టుకుని పైనుంచి బలం వేయాలి. 34 అంగుళాల గట్టు, దాని మీద స్టవ్వు, స్టవ్వు మీద సంగటి గిన్నె. అంతా కలిపితే గిన్నె అంచు దాదాపు నాలుగడుగుల ఎత్తుకు వస్తుంది. అయిదడుగులు లేని మనిషికి అది భుజం దాకా వచ్చినట్టే, అక్కడ బలం ఎట్లా వేస్తుంది? నిలబడి కూర చేసుకునే మీకు అదే 34 సరిగ్గా సరిపోవచ్చు. కంపెనీవాళ్లు అందరికీ ఒకటే కొలత పెడతారు, మీ ఇంట్లో వండేది ఇద్దరు. వెనక వరండాలోనో, వంటింటి చివరో రెండున్నర మూడడుగుల పొడవున 26 నుంచి 28 అంగుళాల ఎత్తులో ఇంకో చిన్న గట్టు కట్టించండి. గ్యాస్ పైపు అక్కడి దాకా లాగించండి. సంగటీ, పండగలకు పెద్ద వంటలూ, చెనిక్కాయలు వేయించడమూ అక్కడ జరుగుతాయి. వేడీ పొగా ఇంట్లోకి రావు. ఇది గచ్చు పని, మేస్త్రీకి రెండు రోజుల పని. కట్టించే ముందు అత్తమ్మను ఒకసారి అక్కడికి తీసుకెళ్లండి. ఆమె గిన్నె, తెడ్డు వెంట తీసుకుని వెళ్లి, ఇటుకలు పేర్చి, వాటి మీద గిన్నె పెట్టి, చేయి ఎక్కడ హాయిగా ఆడుతుందో ఆమెనే చూపించమనండి. గోడ మీద సుద్దతో అక్కడ గీత గీయండి. ఆ గీత ప్రకారమే కట్టమని మేస్త్రీకి ఆమె ముందే చెప్పండి. ఆమె అలిగింది ఎత్తు గురించి మాత్రమే కాదని నా అనుమానం. ఇన్నేళ్లు వండిన మనిషిని వంటిల్లు ఎట్లా ఉండాలని ఎవరూ అడగలేదు.

బండ అరలా, చెక్క డబ్బాలా అన్నదానికి వస్తాను. కడప బండకు చెదలు పట్టవు, నీళ్లకు ఉబ్బదు, సింకు కింద పైపు కారినా చెక్కుచెదరదు. ఈ విషయంలో మీ అత్తమ్మ మాట నూటికి నూరు పాళ్లు నిజం. కానీ గట్టు పైపలకగా మాత్రం కడప బండ వద్దు. చింతపండు పులుసు, నిమ్మరసం పడిన చోటల్లా తెల్లగా మచ్చలు పడతాయి. గట్టు పైకి గ్రానైటు వేసి, కింద నిలువు పలకలు, అడ్డ అరలు కడప బండతో చేయించుకోవచ్చు. గ్రానైటు తాడిపత్రిలో, బండలు ఎర్రగుంట్ల వైపు దొరుకుతాయి. కడపలో ఉన్నవాళ్లకు రెండూ దగ్గరే, షాపులో కొనే ముందు అక్కడి పాలిష్ ఫ్యాక్టరీల్లో ఒకసారి ధర కనుక్కోండి.

బండకూ ఒక లోటుంది. సొరుగులు జరిగే చానల్ బండకు నేరుగా బిగించడం కష్టం, చెక్క కావాలి. అందుకని స్టవ్వు పక్కన రెండున్నర అడుగుల వెడల్పున ఒక్క చోటు బండ లేకుండా ఖాళీ వదిలేయండి. అక్కడ స్పూన్లకు, డబ్బాలకు ప్లైవుడ్ సొరుగుల పెట్టె తర్వాత దింపుకోవచ్చు. మిగతా అరలకు అల్యూమినియంతోనో చెక్కతోనో ఫ్రేము బిగించి తలుపులు పెడితే బయటినుంచి చూసేవాళ్లకు మాడ్యులర్ కిచెన్‌కూ దీనికీ పెద్ద తేడా తెలియదు. అంచులు గుండ్రం చేయించడం మరవొద్దు, బండ మూల తగిలితే పిల్లల తలలు పగులుతాయి.

ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. బండ అరలు గోడలో గాడి కొట్టి సిమెంటుతో బిగించాలి. అంటే టైల్స్‌కూ పుట్టీకీ ముందే నిర్ణయం జరిగిపోవాలి. చెక్క పని అట్లా కాదు, మీరు ఇంట్లో చేరిన ఏడాదికైనా చేయించుకోవచ్చు. కాబట్టి తొందరపడాల్సింది బండ విషయంలో. డిస్కౌంట్ పేరు చెప్పి మిమ్మల్ని తొందర పెడుతున్నది మాత్రం చెక్క విషయంలో.

కొత్త ప్లాస్టింగు సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. గోడలో తడి పూర్తిగా ఆరకముందే పుట్టీ, రంగు వేసేసి వెంటనే వెనక ప్లైవుడ్ బిగిస్తే, లోపల చెమ్మ పోయే దారి లేక బూజు పడుతుంది, లామినేట్ లేస్తుంది. కడప ఎండలకు గోడలు తొందరగానే ఆరతాయి, అయినా నెల రోజులైనా ఊపిరి పీల్చుకోనివ్వాలి. నేల పని, గట్టు పని, అరలు, పుట్టీ, రంగులు, ఆ పైన వార్డ్‌రోబులు, అన్నీ ముహూర్తం లోపల కుక్కితే తొందరకు బలయ్యేది ఆరాల్సిన ఈ సమయమే.

మీ బల్ల గురించి. ఎవరితోనూ అనలేదని రాశారు, ఈ రోజే అనండి. మీ గది కిటికీ కింద ఎలాగూ గోడ ఉంది. అరల కోసం బండ కోయించేటప్పుడే నాలుగడుగుల పొడవు, ఒకటిన్నర రెండడుగుల వెడల్పు పలక ఒకటి ఎక్కువ కోయించి, 29, 30 అంగుళాల ఎత్తులో బిగించమనండి. పక్కనే ఒక ప్లగ్గు, పైన ఒక లైటు పాయింటు. మొత్తం ఖర్చులో ఇది లెక్కలోకి రాదు. ఇంత అప్పుకు సంతకం పెట్టిన మనిషి ఇంట్లో ఒక బల్ల అడగడానికి జంకనక్కర్లేదు.

ఇక డబ్బు. మీవారు అనుకున్నట్టు చేస్తే ఏమవుతుందో కాగితం మీద వేసి చూపించండి. 5 లక్షల పర్సనల్ లోన్ 13 శాతం వడ్డీకి అయిదేళ్లకు తీసుకుంటే నెలకు 11 వేల పైన కంతు పడుతుంది. కొత్తింట్లో చేరితే అద్దె 9 వేలు మిగులుతుంది కదా అనుకుంటారు. అదంతా దీనికే పోయి, పైన ఇంకో రెండు వేల పైన జేబులోంచి పెట్టాలి. అయిదేళ్లలో కట్టే వడ్డీ ఒక్కటే లక్షా 80 వేలు దాటుతుంది, మీ ఫాల్స్ సీలింగు ఖర్చు కంటే ఎక్కువ. బంగారం మీద తెచ్చే 3 లక్షల వడ్డీ ఇందులో కలపలేదు. ఈ దారిలో లాభం ఏమిటంటే పని ఒక్కసారే అయిపోతుంది, గృహప్రవేశం నాటికి ఇల్లు పెళ్లి ఇల్లులా ఉంటుంది, మళ్లీ దుమ్మూ ధూళీ ఉండవు. దాని విలువ తక్కువని నేననను. అయిదేళ్లు ఇద్దరి జీతాలూ బిగించి ఆ విలువ కట్టగలరా అన్నది మీరిద్దరూ తేల్చుకోవాలి.

రెండో దారి, చేతిలో ఉన్న దాంట్లో చేయడం. నేల, బాత్‌రూములకు 3 లక్షలు పోగా 4 ఉన్నాయి. రంగులకు 1.40 పక్కన పెట్టండి, స్థానిక పెయింటర్‌ను అడిగితే అది ఇంకా తగ్గవచ్చు. మిగిలిన 2.60లో వంటింటి గట్లు, బండ అరలు, వాటికి తలుపులు, కరెంటు మార్పులు, గదుల్లో ఒక్కో బండ అల్మారా. మేస్త్రీ దగ్గర ఒకటి, వడ్రంగి దగ్గర ఒకటి లెక్క రాయించి తెప్పించుకోండి. అంతకు లోపల తేలకపోతే గదుల అల్మారాలకు తలుపులు ఇప్పుడొద్దు, కర్టెన్ కట్టుకోండి. చేరిన నెల నుంచి ఆ 9 వేల అద్దె డబ్బును వేరే ఖాతాలో వేస్తే ఏడాదికి లక్షా 8 వేలు. ఒక గది వార్డ్‌రోబ్ దాదాపు దాంతో అయిపోతుంది, అప్పు లేకుండా. ఇందులో నష్టమూ ఉంది. రెండు మూడేళ్లు ఇంట్లో ఏదో ఒక పని నడుస్తూనే ఉంటుంది. గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో ఒకరిద్దరు "ఇంకా పని ఉన్నట్టుందే" అనే అంటారు. మీవారిని బాధపెట్టేది ఆ మాటే.

మూడో దారి ముహూర్తం వెనక్కి జరపడం. శ్రావణం దాటితే భాద్రపదంలో సాధారణంగా పెట్టుకోరు కాబట్టి మరికొన్ని నెలలు ఆగాలి, అద్దె నెలకు 9 వేలు పోతుంది. గోడలు బాగా ఆరతాయి, పని నిదానంగా అవుతుంది. అత్తమామలు మనసు పెట్టుకున్న ముహూర్తమైతే మాత్రం ఈ దారి నేను ముందుగా సూచించను. పాలు పొంగించడానికి కావాల్సింది గడప, తలుపులు, దేవుడి పటం, ఒక పొయ్యి. రెండో దారిలో ఇవన్నీ శ్రావణానికి అందుతాయి.

మధ్యేమార్గం కూడా ఉంది. కంపెనీ చేత పెద్దవాళ్ల గది వార్డ్‌రోబ్ ఒక్కటే చేయించుకుని, మిగతాది ఆపడం. లేదా హోమ్ లోన్ కొంతకాలం సక్రమంగా కట్టాక టాప్-అప్ (అదే లోన్ మీద అదనపు అప్పు) వస్తుందేమో మీ బ్యాంకులో అడగడం. దాని వడ్డీ పర్సనల్ లోన్ కంటే మామూలుగా తక్కువే ఉంటుంది.

మీవారితో ఈ లెక్క చెప్పేటప్పుడు "నీకు ఆడంబరం" అన్న మాట రానివ్వద్దు. చిన్నప్పటి నుంచి ఆయన ఏ ఇంట్లో పెరిగాడో, సొంతిల్లు అంటే ఆయన మనసులో ఏ బొమ్మ ఉందో మీకు నాకంటే బాగా తెలుసు. ఫాల్స్ సీలింగు వేడి తగ్గిస్తుందని కూడా అంటుంటే, ఒక విషయం చెప్పండి. పైన ఇంకో అంతస్తు లేదు, కడప ఎండ నేరుగా స్లాబు మీద పడుతుంది. వేడి లోపలికి దిగాక కింద అడ్డం పెట్టేకంటే మిద్దె మీద తెల్లటి కూల్ కోటింగ్ వేయిస్తే వేడిని పైనే ఆపినట్టవుతుంది, ఖర్చూ తక్కువ. హాల్లో ఒక్క గోడకు మంచి రంగు, మంచి లైట్లు, మెయిన్ డోర్‌కు మంచి పాలిష్. వచ్చినవాళ్ల కళ్లు ముందు పడేది వాటి మీదే. ఆ మూడింటినీ ఆయన ఇష్టానికి వదిలేయండి.

మరిది 4 లక్షలు ఇచ్చాడు. ఆ డబ్బు దేనికి పోయిందో అతనికి ఎవరైనా చెప్పారా? "నీ డబ్బుతో ఇల్లంతా నేల పని జరుగుతోంది, నీ గదికి ఏసీ పాయింటు, అల్మారా పెట్టిస్తున్నాం" అని మీవారే ఫోన్ చేసి చెప్తే ఆ పట్టు సగం సడలుతుంది. ఏడాదికి రెండుసార్లు వచ్చే మనిషి గదికి లక్ష పైన వార్డ్‌రోబ్ ఇప్పుడే అక్కర్లేదన్న మాట కూడా అన్నే చెప్పాలి, మీరు కాదు.

ఇక బంగారం. పెళ్లికి మీవాళ్లు పెట్టిన బంగారం మీ సొంతం, హిందూ వారసత్వ చట్టం 1956లోని 14వ సెక్షన్ కింద దానిమీద పూర్తి హక్కు మీదే. ఇస్తే మీ ఇష్టంతో ఇచ్చినట్టు, ఇవ్వకపోతే తప్పు చేసినట్టు కాదు. ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం వస్తే మీరు ఒక్క క్షణం ఆలోచించరని ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. టీవీ వెనక చెక్క పలకకు బంగారం కుదువ పెట్టడం నాకు సమ్మతం కాదు. అయినా ఇవ్వాలనుకుంటే ఎంత, ఎన్నాళ్లకు, ఏ జీతంలోంచి విడిపిస్తారు అన్నది ముందే మాట్లాడుకుని బ్యాంకులోనే పెట్టండి. వాయిదా దాటితే వేలం దాకా వెళ్తుంది.

దీనికంటే పెద్ద సంగతి ఒకటి మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటిపోయింది. స్థలం మామగారి పేరున ఉంది, కంతులు మీరిద్దరూ కడుతున్నారు, మరిదీ డబ్బు పెట్టాడు. అది మామగారి స్వార్జితం. ఆయన ఏ ఏర్పాటూ చేయకుండా వెళ్లిపోతే భార్యకూ, కొడుకులకూ, కూతుళ్లుంటే వాళ్లకూ చట్టప్రకారం సమాన వాటాలు వస్తాయి. ఎవరు ఎన్ని కంతులు కట్టారన్నది ఆ పంపకంలో తనంతట తాను లెక్కలోకి రాదు. ఇప్పుడు అందరూ మంచిగా ఉన్నారు కాబట్టే ఇప్పుడే మాట్లాడాలి. వీలునామా రాస్తారా, బతికుండగానే ఆస్తి రాసిచ్చే రిజిస్టర్డ్ సెటిల్‌మెంట్ చేస్తారా, మరిది 4 లక్షలు అప్పా వాటానా, అది మామగారు, ఇద్దరు కొడుకులు కూర్చుని, ఒక లాయర్‌ను అడిగి తేల్చుకోవాల్సిన విషయం. లోన్ ఉంది కాబట్టి బ్యాంకును కూడా అడగాలి. ఈ మాట మీ నోటి నుంచి వస్తే ఆస్తి కోసం అన్నట్టు వినిపించే ప్రమాదం ఉంది, మీవారి చేత ఎత్తించండి. గృహప్రవేశం హడావుడిలో వద్దు, అయ్యాక ఒక నెలలోపు. అంతవరకు ఎవరు ఎంత పెట్టారో ఒక పుస్తకంలో తేదీలతో రాసుకోండి, మీ డబ్బు మీ ఖాతా నుంచే కట్టండి.

కంపెనీకి ఆదివారం లోపల అడ్వాన్సు కట్టక్కర్లేదు. అయినా ఏదో ఒక భాగం వాళ్ల చేతనే చేయించుకోవాలనుకుంటే, లోపలి డబ్బా దేనితో చేస్తారో రాసివ్వమని అడగండి. "ఇంజినీర్డ్ వుడ్" అని మాత్రమే రాస్తే పార్టికల్ బోర్డు కూడా కావచ్చు, నీళ్లు తగిలితే అది బిస్కెట్‌లా ఉబ్బుతుంది. ప్లైవుడ్ అయితే వంటింటి తడికి ఐఎస్ 710 (నీళ్లకు బాగా ఆగే మెరైన్) రకమా, బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్లకు ఆగే) రకమా, లేక మార్కెట్‌లో కమర్షియల్ అనే ఎంఆర్ (కాస్త తేమకు మాత్రమే ఆగే) రకమా అన్నది రాయాలి. చదరపు అడుగు లెక్క ముందు తలుపు కొలతకా, లోపలి పలకలకూ కలిపా, జీఎస్టీ ఉందా లేదా, తలుపుల కబ్జాలు, సొరుగుల చానళ్లు ఏ కంపెనీవి, ఇవీ రాయించండి. సగం ఒకేసారి కాకుండా పనిని బట్టి విడతలుగా ఇస్తామనండి. వీటికి తిన్నగా జవాబిచ్చేవాళ్లు డిస్కౌంట్ కూడా వచ్చే నెల ఇస్తారు.

ఈ ఉత్తరం చదవగానే మొదటి ఫోన్ ఎలక్ట్రీషియన్‌కు చేయండి. పుట్టీ పని మొదలయ్యే లోపల ఒక సాయంత్రం మీరు, మీవారు, అత్తమ్మ ముగ్గురూ అతనితో కలిసి గదుల్లో తిరిగి, ఎక్కడెక్కడ పాయింటు కావాలో గోడ మీద గుర్తు పెట్టించండి. రెండో ఫోన్ మేస్త్రీకి, బండలకు కొలతలు తీసుకోవడానికి ఎప్పుడొస్తాడో కనుక్కోండి.